పేరు చెప్పమంటున్న ఫోల్డర్

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ గడువు తరుముకొస్తుంటే చిన్న చిన్న ఆఫీసులు కూడా విండోస్ 11కి మారక తప్పలేదు. నరసరావుపేటలో ఆడిటర్ ఆఫీసు కావచ్చు, పిడుగురాళ్లలో సున్నం వ్యాపారి టాలీ లెక్కలు కావచ్చు, మాచర్లలో ఫ్లెక్సీలు డిజైన్ చేసే డీటీపీ సెంటర్ కావచ్చు, గురజాల కోర్టు దగ్గర జిరాక్స్ షాపు కావచ్చు, ఇలాంటి మార్పు తర్వాత వినిపించే ఫిర్యాదు మాత్రం ఒకటే. నిన్నటిదాకా పక్క సిస్టమ్‌లోంచి తెరుచుకున్న షేర్ ఫోల్డర్ ఇవాళ తెరుచుకోదు. ఇంటర్నెట్ వస్తూనే ఉంటుంది, కేబుల్ బాగానే ఉంటుంది, రౌటర్ లైట్లు వెలుగుతూనే ఉంటాయి. అందుకని అందరూ ఇచ్చే తీర్పు కూడా ఒకటే: అప్‌డేట్ వచ్చి అంతా పాడు చేసింది. ఈ తీర్పు చాలా సందర్భాల్లో తప్పు. పాడైందేమీ లేదు. ఒకే తీగ మీద ఉన్నవాళ్లంతా మనవాళ్లేనని నలభై ఏళ్ల కిందట కంప్యూటర్‌కి నేర్పిన నమ్మకాన్ని ఇప్పుడు మాన్పిస్తున్నారు, అంతే. ఆ నమ్మకం ఎక్కడ పుట్టిందో, ఎందుకు చెడిందో తెలిస్తేనే మరమ్మతు ఎటునుంచి మొదలుపెట్టాలో తెలుస్తుంది.

దాని పుట్టుక 1980ల మొదట్లో ఐబీఎం సంస్థలో జరిగింది. అక్కడి ఇంజనీరు బ్యారీ ఫైగెన్‌బామ్ ముందున్న ప్రశ్న చిన్నదే. అప్పటి పీసీలు డాస్ మీద నడిచేవి. ఏ ప్రోగ్రాముకైనా ఫైలు కావాలంటే డాస్‌ని ఒక నిర్ణీత పద్ధతిలో అడగాలి: ఫలానా ఫైలు తెరువు, ఇన్ని అక్షరాలు చదువు, మూసెయ్యి. ఆ అభ్యర్థనలను మధ్యలోనే పట్టుకుని, చిన్న చిన్న సందేశాలుగా మార్చి, తీగ మీదుగా ఇంకో కంప్యూటర్‌కి పంపితే? ఆ కంప్యూటర్ తన డిస్కులోంచి చదివి జవాబు పంపుతుంది. అడిగిన ప్రోగ్రాముకు ఆ ఫైలు తన పెట్టెలో ఉందో పక్క గదిలో ఉందో తెలియనే తెలియదు. సర్వర్ మెసేజ్ బ్లాక్, పొట్టిగా ఎస్‌ఎంబీ, అనే పద్ధతికి ఇదే మూలం. కౌంటర్‌లోని కంప్యూటర్‌లో జెడ్ డ్రైవ్ తెరిచి, లోపలి గదిలోని సిస్టమ్‌లో ఉన్న టాలీ డేటాలో బిల్లు కొట్టగలగడం నేటికీ ఆ ఆలోచన చలవే. పది మందికి ఖరీదైన డిస్కు ఒకటే ఉన్న కాలంలో, ఒకే గదిలో, ఒకే సంస్థ ఉద్యోగుల కోసం పుట్టిన పద్ధతి అది. అడుగుతున్నది ఎవరన్న ప్రశ్న అప్పుడు పెద్దదిగా తోచకపోవడంలో వింత లేదు.

తర్వాత ఆ పద్ధతి పుట్టిన గది దాటి చాలా దూరం వెళ్లింది. మైక్రోసాఫ్ట్ దాన్ని తీసుకుని 1987లో లాన్ మేనేజర్‌లో వాడింది. 1992లో విండోస్ ఫర్ వర్క్‌గ్రూప్స్‌తో అది మామూలు ఆఫీసు బల్లల మీదికి వచ్చేసింది. అదే ఏడాది మొదట్లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో చదువుకుంటున్న ఆండ్రూ ట్రిడ్జెల్, తీగ మీద పోయే సందేశాలను గమనిస్తూ వాటి భాషను తనంతట తానే విప్పి, యూనిక్స్ యంత్రాలు కూడా ఆ భాష మాట్లాడేలా ఒక ప్రోగ్రాము రాసి ఉచితంగా పంచిపెట్టాడు. ఇప్పుడు సాంబా అని పిలిచేది దాన్నే. మన దగ్గర ఆఫీసు నెట్‌వర్క్ జనానికి కనిపించేంత దగ్గరగా వచ్చింది 1998 నవంబరు 4న. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రెండు వందలకు పైగా సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాల్లో ‘కార్డ్’ పథకం ఆ రోజే మొదలైంది. అప్పటిదాకా లేఖరులు, దళసరి రిజిస్టర్లతో సాగిన దస్తావేజుల పని సర్వర్‌కీ కౌంటర్ కంప్యూటర్లకీ మారింది. ఒకచోట దాచి, పలుచోట్ల నుంచి చూడటం అనే సౌకర్యం ఆ తరంలోనే మామూలు విషయమైపోయింది.

సౌకర్యం వెంటే అలవాటు కూడా వచ్చింది. విండోస్ ఎక్స్‌పీలో ‘సింపుల్ ఫైల్ షేరింగ్’ అనే ఏర్పాటు ఉండేది. నెట్‌వర్క్ మీద ఎవరొచ్చి అడిగినా వాళ్లను ‘గెస్ట్’ కింద లెక్కగట్టి ఫోల్డర్ చూపించేది. పేరు అడగదు, పాస్‌వర్డ్ అడగదు. ఊళ్లో కంప్యూటర్లు బిగించిన కుర్రాళ్లందరూ నేర్చుకున్న కిటుకు ఇదే: ఫోల్డర్ మీద రైట్ క్లిక్, షేర్, ‘ఎవ్రీవన్’కి ఫుల్ కంట్రోల్, పాస్‌వర్డ్ ప్రొటెక్షన్ ఆఫ్. రెండు నిమిషాల్లో పని అయిపోయేది. ఆ కుర్రాళ్లను తప్పుపట్టాల్సిన పని లేదు. యంత్రం చూపిన దారినే వాళ్లు నడిచారు. ఆ రోజుల్లో షాపులోని నాలుగు కంప్యూటర్లకు బయటి ప్రపంచంతో పెద్దగా సంబంధమూ లేదు. తర్వాత బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది, వైఫై వచ్చింది, కస్టమర్ ఫోన్లు కూడా అదే రౌటర్‌కి తగులుకున్నాయి. షేరింగ్ పద్ధతి మాత్రం మారలేదు.

ఈ నమ్మకం ఖరీదెంతో 2017 మే 12న తేలింది. ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్‌లోని ఒక లోపాన్ని వాడుకునే ఆయుధాన్ని షాడో బ్రోకర్స్ అనే ముఠా అంతకు నెల ముందే బయటపెట్టింది. దాన్ని తగిలించుకున్న వానాక్రై అనే పురుగు 150కి పైగా దేశాల్లో ఫైళ్లకు తాళం వేసి, విప్పడానికి బిట్‌కాయిన్ రూపంలో డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రులే స్తంభించాయి. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. చిత్తూరు, కృష్ణా, విశాఖపట్నం, శ్రీకాకుళంతో పాటు దెబ్బతిన్న జిల్లాల్లో గుంటూరు ఒకటి. మొదట చెప్పుకున్న ఊళ్లన్నీ ఉన్న నేటి పల్నాడు అప్పటికి ఆ జిల్లాలోనిదే. 2022 ఏప్రిల్ 4న గానీ వేరే జిల్లా కాలేదు. వానాక్రై వ్యాపించిన తీరు ప్రత్యేకంగా గమనించాలి. ఎవరో పనికిమాలిన లింకు నొక్కడం దానికి అవసరం లేదు. ఒక యంత్రంలోకి చేరితే చాలు, ఎస్‌ఎంబీ వాడే 445 నంబరు పోర్టు ద్వారా పక్క యంత్రాలను తట్టి చూస్తుంది, జవాబిచ్చిన బలహీనమైన దానిలోకి దూరుతుంది. ఫైళ్లు పంచుకోవడానికి వేసుకున్న బాటే దానికి రాచబాట అయింది.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనదే. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే సవరణ ఇచ్చింది. బాధిత యంత్రాల్లో ఎక్కువ భాగం ఆ సవరణ వేసుకోని విండోస్ 7వి. మరి సవరణ వేసుకున్న తర్వాత పాత ఎస్‌ఎంబీని వాడుకుంటే నష్టమేమిటి? మూసుకున్నది ఒక్క లోపమే. పద్ధతిలోని బలహీనత అలాగే ఉంది. మొదటి వెర్షన్‌లో తీగ మీద పోయే సమాచారానికి గుప్తీకరణ లేదు. మధ్యలో ఎవరైనా చేరి, రెండు యంత్రాలనూ తక్కువ రక్షణ ఉన్న పద్ధతికి దింపితే పసిగట్టే ఏర్పాటు లేదు. ఏళ్ల తరబడి అతుకులు పడి అందులో ఆదేశాలు నూరు దాటాయి. ఆదేశం పెరిగిన కొద్దీ తప్పు దాగే మూల కూడా పెరుగుతుంది. అందుకే 2007లో విస్టాతో జనంలోకి వచ్చిన రెండో వెర్షన్‌ను కొత్తగా రాసి, ఆదేశాలను 19కి కుదించారు. విండోస్ 8తో వచ్చిన మూడో వెర్షన్‌లో గుప్తీకరణ చేరింది. మొదటి వెర్షన్ వాడకం ఆపేయండని మైక్రోసాఫ్ట్‌లో దాని బాధ్యత చూసిన నెడ్ పైల్ 2016 సెప్టెంబరులోనే, అంటే వానాక్రైకి ఎనిమిది నెలల ముందే, బహిరంగంగా రాశాడు.

తర్వాతి మార్పులన్నీ ఈ వరుసలోవే. 2017 అక్టోబరు నాటి విండోస్ 10 వెర్షన్ 1709 నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే ఎస్‌ఎంబీ 1 సర్వర్ భాగం రాదు. హోమ్, ప్రో ఎడిషన్లలో మిగిలిన క్లయింట్ భాగాన్ని కూడా 15 రోజులు వాడకపోతే విండోస్ తానే తీసేస్తుంది. 2018లో, ఇళ్లలో ఫైళ్లు పంచుకోవడానికి ఉన్న హోమ్‌గ్రూప్ సౌకర్యం పోయింది. 2024లో వచ్చిన విండోస్ 11 వెర్షన్ 24హెచ్2, ప్రో ఎడిషన్‌లో రెండు పనులు చేసింది: గెస్ట్‌గా వెళ్లడాన్ని ఆపింది, ప్రతి సందేశం మీదా సంతకం తప్పనిసరి చేసింది. ఈ రెండూ వేర్వేరు విషయాల్లా కనిపిస్తాయి గానీ ఒకదానికొకటి ముడిపడినవి. రిజిస్ట్రేషన్ దస్తావేజులో ఆఖరి పేజీ మీదే గాక ప్రతి పేజీ మీదా సంతకం పెట్టిస్తారు, మధ్యలో కాగితం మార్చకుండా. ఎస్‌ఎంబీ సంతకం పని కూడా అదే: దారిలో ఎవరూ సందేశాన్ని మార్చలేదని ప్రతి ముక్కకీ రుజువు. ఆ సంతకం చేయడానికి కావలసిన రహస్య సంఖ్య, వాడుకరి తన పాస్‌వర్డ్‌తో లాగిన్ అయినప్పుడే తయారవుతుంది. గెస్ట్‌కి పాస్‌వర్డ్ లేదు కాబట్టి సంతకమూ చేయలేడు. ఈ సంతకం ఏర్పాటు విండోస్ ఎన్‌టీ 4, విండోస్ 98 కాలం నుంచీ ఉన్నదే. తప్పనిసరి కావడానికి పాతికేళ్లు పట్టింది. విండోస్ 11 హోమ్‌లో ఈ పట్టింపు అంత లేదు గనుకే, పక్క షాపులో పనిచేస్తున్నది మన షాపులో ఎందుకు చేయదన్న గందరగోళం పుడుతుంది.

కాబట్టి ఫోల్డర్ తెరుచుకోనప్పుడు ముందు తేల్చుకోవలసింది, ఆగింది ఏ మెట్టు దగ్గర అని. మొదటి మెట్టు దారి. అప్‌గ్రేడ్ తర్వాతో, రౌటర్ మార్చాకో విండోస్ మన నెట్‌వర్క్‌ని ‘పబ్లిక్’ అని గుర్తు పెట్టుకుంటే, ఫైర్‌వాల్ పక్క యంత్రాలకు జవాబివ్వదు. దాన్ని ‘ప్రైవేట్’ చేస్తే సరిపోతుంది. రెండోది కనిపించడం. నెట్‌వర్క్ జాబితాలో పక్క కంప్యూటర్ పేరు లేనంత మాత్రాన అది అందదని కాదు. పాత జాబితా ఎస్‌ఎంబీ 1 మీద ఆధారపడేది, దానితోపాటే పోయింది. అడ్రస్ బార్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి ఆ కంప్యూటర్ ఐపీ నంబరు టైప్ చేస్తే చాలాసార్లు నేరుగా తెరుచుకుంటుంది. తెరుచుకుంటే, ఆ కంప్యూటర్‌లో ‘ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్’ అనే సర్వీసును ఆటోమేటిక్‌గా పెట్టడమే మిగిలిన పని. మూడోది గుర్తింపు. రోజూ నాలుగంకెల పిన్ కొట్టి లోపలికి వెళ్లేవారు నెట్‌వర్క్‌లోనూ అదే కొడతారు. ఆ పిన్ ఆ ఒక్క యంత్రానికే చెల్లుతుంది. అక్కడ కావలసింది అకౌంట్ అసలు పాస్‌వర్డ్, చాలామంది మరిచిపోయింది కూడా అదే. నాలుగోది భాష, అంటే ఎస్‌ఎంబీ వెర్షన్. అడ్మినిస్ట్రేటర్‌గా పవర్‌షెల్ తెరిచి గెట్-ఎస్‌ఎంబీకనెక్షన్ ఆదేశం ఇస్తే, నడుస్తున్న కనెక్షన్లు ఏ వెర్షన్‌లో ఉన్నాయో కనిపిస్తుంది. ఈ నాలుగింటిలో ఒక్క చివరిదే పాత పరికరం సమస్య. మొదటి మూడూ డబ్బు ఖర్చు లేకుండా తీరేవి. అయినా చాలామంది మెకానిక్కులు నేరుగా చేసేది ఎస్‌ఎంబీ 1ని మళ్లీ ఆన్ చేయడం, గెస్ట్‌ని మళ్లీ అనుమతించడం. దానివల్ల అసలు కారణం పిన్నో ఫైర్‌వాలో అయితే ఫోల్డర్ అప్పటికీ తెరుచుకోదు, ఉన్న రక్షణ మాత్రం పోతుంది.

మా చిన్న షాపు మీద పడే దొంగ ఎవడన్నది రెండో అభ్యంతరం. వానాక్రై ఎవరినీ ఎంచుకుని పట్టుకోలేదు. అందిన యంత్రాన్నల్లా పట్టుకుంది. పైగా షాపు చిన్నదైనా ఫోల్డర్ చిన్నది కాదు. జిరాక్స్ షాపు స్కాన్ ఫోల్డర్‌లో జనం ఆధార్ కార్డులు, పాస్‌పుస్తకాలు ఉంటాయి. ఆడిటర్ దగ్గర పాన్ నంబర్లు, బ్యాంకు వివరాలు ఉంటాయి. వ్యక్తుల సమాచారాన్ని భద్రంగా ఉంచే బాధ్యత, దాన్ని వాడుకునేవారి మీద 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమే పెట్టింది. ఇక మూడో మాట, ఇదంతా కొత్త కంప్యూటర్లు అమ్ముకునే ఎత్తుగడ అని. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలన్న నిబంధన బాగా పనిచేస్తున్న యంత్రాలెన్నింటినో పక్కన పెట్టించింది. ఆ విషయంలో కోపం సబబే. షేరింగ్ మార్పుకు మాత్రం ఆ వాదన అతకదు. ఎవరికీ ఏమీ అమ్మని సాంబా కూడా 2019లో 4.11 వెర్షన్‌తో ఎస్‌ఎంబీ 1ని డిఫాల్ట్‌గా ఆపి ఉంచడం మొదలుపెట్టింది. లాభాపేక్ష ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే నిర్ణయానికి వచ్చారంటే కారణం పద్ధతిలోనే ఉంది.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం పాత పరికరాలది. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో ఏళ్ల తరబడి చేసిన పెళ్లి కార్డులు, కరపత్రాల ఫైళ్లన్నీ ఒక ఎక్స్‌పీ సిస్టమ్‌లో ఉన్న ప్రెస్సు ఏం చేయాలి? పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001 నాటిది. ఎక్స్‌పీకి ఎస్‌ఎంబీ 1 తప్ప వేరే వెర్షన్ రాదు. స్కాన్ చేసి ఫోల్డర్‌కి పంపే పాత కాపియర్లదీ తరచూ ఇదే పరిస్థితి. వీటిని రాత్రికి రాత్రి పారేయమనడం తెలివైన సలహా కాదు. కానీ ఒక్క పాత యంత్రం కోసం మిగిలిన యంత్రాలన్నిటి రక్షణనూ దించనక్కర్లేదు. కాపియర్‌లో ఎఫ్‌టీపీకో ఈమెయిల్‌కో పంపే వీలుందేమో ముందు చూడాలి. కొన్నింటికి తయారీదారు ఇచ్చిన కొత్త ఫర్మ్‌వేర్‌తో రెండో వెర్షన్ వస్తుంది. ఎక్స్‌పీ సిస్టమ్‌ని ఇంటర్నెట్‌తోనూ మిగిలిన నెట్‌వర్క్‌తోనూ సంబంధం లేకుండా విడిగా ఉంచి, యాంటీవైరస్‌తో తనిఖీ చేసిన పెన్‌డ్రైవ్‌తో ఫైళ్లు మార్చుకోవచ్చు. కొంచెం ఇబ్బందే, కానీ ఆ ఇబ్బంది ఒక్క మూలకే పరిమితమవుతుంది.

నిజమైన నేరం ఒకటుంటే అది ఈ మార్పును విండోస్ చెప్పే తీరులో ఉంది. పేరు చెప్పమని అడగాల్సిన చోట నెట్‌వర్క్ దారి దొరకలేదని చెప్పడం, నలుగురు పనిచేసే షాపు యజమానికి మీ సంస్థ భద్రతా విధానం అడ్డుకుంటోందని చూపించడం, వాడేవాడిని పక్కదారి పట్టించే మాటలు. మార్పు సరైనదైనా, కారణం తెలియజేయని మార్పు జనం చేత పాత పద్ధతినే వెతికిస్తుంది. ఆ లోటును తీర్చాల్సింది ఇప్పుడు కంప్యూటర్ బాగుచేసేవాళ్లూ, చేయించుకునేవాళ్లూ. ఫోల్డర్ ఉన్న సిస్టమ్‌లో ఒక్కో మనిషికి ఒక్కో లోకల్ అకౌంట్, దానికో పాస్‌వర్డ్, ఎవరికి చదవడం వరకే ఎవరికి మార్చే హక్కు అన్న నిర్ణయం, కౌంటర్ సిస్టమ్‌లో ఆ వివరాలు ఒక్కసారి గుర్తుంచుకోమని టిక్ పెట్టడం. ఇదంతా ఒక మధ్యాహ్నం పని. అకౌంట్లు విడివిడిగా ఉంటే పని మానేసి వెళ్లిన మనిషి అకౌంట్‌ని తీసేస్తే చాలు, మిగతావాళ్ల పని ఆగదు. మెకానిక్ వచ్చినప్పుడు మునుపటిలా పనిచేసేలా చేయమని చెప్పకండి. ఏ ఫోల్డర్ ఎవరెవరికి, ఎంతవరకు అన్నది ఒక కాగితం మీద రాసి అతని చేతికివ్వండి.