ఇంటి సంగీతమునకు ఏ వ్యవస్థ నెన్నుకొనవలెను?



పత్తిచేలకును మిరపకల్లములకును నెలవైన ఒంగోలు ప్రాంతమున ముప్పది సంవత్సరములకు పైగా తెలుగు పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్న నాకు, కంప్యూటరును గూర్చి ప్రసంగించు అధికార మెక్కడిదని మీరడుగవచ్చును. ఆ యధికారము నాకొక నష్టమువలన వచ్చినది.

మా యూర హార్మోనియము వాయించుచు పౌరాణిక నాటకముల పద్యములు పాడెడి వృద్ధమిత్రు లొకరుండిరి. వారి కంఠమును మా మనుమడు ఇంటి కంప్యూటరుపై నలుబది పద్యములవరకు రికార్డు చేసెను. అందుకు వాడిన సాధనమునకు ఏటేట వెల చెల్లించి అనుమతి పొందవలెను. గడువు తీరినది, మిత్రులును కాలధర్మము నొందిరి. మరల వెల చెల్లింపబోగా, మా పాత కంప్యూటరు ఆ సాధనపు క్రొత్త కూర్పునకు చాలదయ్యెను. గొంతుముక్కలు విడివిడిగా మిగిలినవి గాని, ఏ ముక్క ఏ పద్యమునకు చెందినదో, ఏ వాద్యముతో ఎచ్చట కలియునో తెలుపు కూర్పుమాత్రము ఆ సాధనమునకే తెలిసిన రూపమున నుండెను. పూసలు చేత నున్నవి, దారము పోయినది. నాటినుండి నేను విచారించి తెలిసికొన్న సంగతులను మీకు మనవిచేసెదను.

కంప్యూటరులోని ఏ పనికి ఎంతసేపు అవకాశ మీయవలెనో నిర్ణయించు పెత్తనదారునే ఆపరేటింగ్ సిస్టమందురు. వీనిలో మూలరచనను దాచక లోకమున కిచ్చినవి కొన్ని కలవు. వండిన కూరతోపాటు వండు విధానమును గూడ చేతికిచ్చుటవంటిది ఇది. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అను కార్యమును ప్రకటించెను. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లాండు విద్యార్థి లినక్స్ అను కెర్నెలును, అనగా వ్యవస్థయొక్క మూలకందమును, వెలువరించెను. ఈ రెంటి కలయికయే నేటి లినక్స్ వ్యవస్థలు. మన తెలుగునాట ‘స్వేచ్ఛ’ యను సంస్థ తెలుగులోనే ఆదేశములు చూపు వ్యవస్థను కూర్చినది. విండోస్ 10నకు సాధారణ రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినందున, పాత కంప్యూటరుగల ఇండ్లలో ఈ విచారణ మరింత అవసరమైనది.

ఇక సంగీతమునకు వ్యవస్థ ఎట్లుండవలెను? మా ప్రాంతపు జిన్నింగు మిల్లును తలచుకొనుడు. యంత్రము ముందు పత్తి పెద్దకుప్పగా నుంచిన, కూలివాడు కొంచెము ఏమరినను యంత్రము ఆగదు. కాని ఇప్పుడు వచ్చిన పత్తి తనవంతు వచ్చువరకు చాలసేపు వేచియుండవలెను. కుప్ప చిన్నదైన, పత్తి వెంటనే లోనికి పోవును. కాని కూలివాడు ప్రక్కకు చూచెనా, యంత్రము వట్టిదే తిరుగును. కంప్యూటరులో ధ్వనికి ఇట్టి కుప్పయే కలదు, దానిని బఫరందురు. అది వట్టిదైనప్పుడు పాటలో చిటపటలు వినవచ్చును.

లెక్క చూతము. సెకనుకు 48,000 ధ్వనిమాదిరులు తీయుచున్నప్పుడు, 1024 మాదిరుల కుప్పకు సుమారు 21 మిల్లీసెకనుల ఆలస్యము. 128 మాదిరులకు మూడు మిల్లీసెకనులలోపే. రాకపోకలు రెంటను ఇట్టి కుప్పలుండుటచే మొత్తము ఆలస్యము ఇంకను హెచ్చును. 21 మిల్లీసెకనులలో ధ్వని గాలిలో ఏడు మీటర్లు పోవును. అనగా గాయకుడు ఏడు మీటర్ల దూరమునుండి తన గొంతునే వినుచు పాడినట్లగును. తాళము నిలుచుట కష్టము. కావున చిన్నకుప్పతో ఏమరక పనిచేయు కూలివాడు కావలెను. అట్లు ధ్వనిపనికి వెంటనే దారియిచ్చు రియల్‌టైమ్ ఏర్పాటు, చాలకాలము విడిగానుండి, 2024లో లినక్స్ 6.12వ కూర్పున మూలములోనే చేరినది. ధ్వనిని ఒక సాధనమునుండి వేరొకదానికి నడపు పని పూర్వము జాక్ అనునది చేసెడిది. నేడు పైప్‌వైర్ ఆ భారమును వహించుచున్నది.

ఎంపిక సంగతి. క్రొత్తవారికి ఉబుంటు స్టూడియో నా సలహా. 2007నుండి వెలువడుచున్న ఈ వ్యవస్థలో రికార్డింగునకు ఆర్డోర్, అడాసిటీ, తాళవాద్యములకు హైడ్రోజన్ మొదలగునవి సిద్ధముగా కూర్చబడియుండును. రెండేండ్లకొకసారి వచ్చు దీర్ఘకాలపు కూర్పునే తీసికొనుడు. కంప్యూటరు పాతదైనచో, డెబియను వ్యవస్థను ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి తేలిక ముంగిలితో నెలకొల్పి, కావలసిన సాధనములు మాత్రమే చేర్చుకొనుట మేలు. శ్రమ కొంత ఎక్కువ, స్థిరత్వము హెచ్చు.

లోపములు దాచుట ధర్మము గాదు. వెలపెట్టి కొన్న విండోస్ వాద్యసాధనములు అన్నియు ఇందు పనిచేయవు. వానిపైననే జీవనము సాగించువారు తొందరపడి మారరాదు. సౌండుకార్డు కొనుటకు ముందు, ప్రత్యేక డ్రైవరు లేకయే నడచునదేనా యని విచారింపుడు. అన్నింటికంటె ముందు వ్యవస్థను పెన్‌డ్రైవునందుంచి, కంప్యూటరులోని దేనిని చెరుపకయే రెండుమూడు గంటలు పరీక్షింపుడు. రికార్డింగు నడుమ వ్యవస్థను క్రొత్త కూర్పునకు మార్చకుడు.

పొన్నెకల్లులో పుట్టి బుర్రకథను దేశమునకు వినిపించి 1986లో పద్మశ్రీ నొందిన షేక్ నాజరుగారి నేల ఇది. కథకులు, హరిదాసులు, మంగళహారతులు పాడు ముత్తైదువలు ఇంకను మన యూళ్ళలో నున్నారు. వారి స్వరములు మన అశ్రద్ధవలన పోరాదు.

ఇప్పుడు మా యింట ఆర్డోర్‌తో పని సాగుచున్నది. అది తన కూర్పు వివరములను ఎవరైనను తెరచి చదువగల అక్షరములలోనే వ్రాసి యుంచును. పూర్తియైన పాటలను ఫ్లాక్ రూపమున రెండుచోట్ల భద్రపరచుచున్నాము. పోయిన మిత్రుని ముక్కలను నా మనుమడును నేనును ఒక్కొక్కటిగా విని, పద్యము గుర్తుపట్టి, మరల గ్రుచ్చుచున్నాము. ఇప్పటికి పదునొకండు పద్యములు దారమెక్కినవి. ఈ దారము మన చేతిది.