‘చేతిలో ఒకటి’ కాదు.. పది!

ఏడు, అయిదు కలిపితే పన్నెండు. రెండు వేసి, చేతిలో ఒకటి. పలక పట్టిన ప్రతి పిల్లవాడూ ఈ మాట అంటాడు. ఆ ఒకటి ఏమిట్రా అని అడిగితే మాత్రం నీళ్లు నములుతాడు. అది ఒకటి కాదు, పది. ఆ సంగతి తెలియకుండానే అయిదో తరగతి దాటిపోయేవారు ఎందరో! లెక్కలంటే భయం అక్కడే పట్టుకుంటుంది.

ఈ చిక్కును పూసలతో విడదీసిన మనిషి మరియా మాంటిస్సోరి. ఇటలీ దేశపు వైద్యురాలు. 1907లో రోమ్ నగరంలో పేదలు ఉండే శాన్ లోరెంజో పేటలో చిన్నపిల్లల బడి తెరిచారు. 1939లో మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజం పిలుపుపై వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. అప్పట్లో మన కోస్తా, రాయలసీమ జిల్లాలకూ మద్రాసే రాజధాని. ఇంతలో ఇటలీ యుద్ధంలో బ్రిటన్‌కు ఎదురు నిలిచింది. దాంతో ఆమె 1946 దాకా మన దేశంలోనే ఉండిపోవలసి వచ్చింది.

ఆమె పద్ధతిలో విడి పూస అంటే ఒకటి. పది పూసలు తీగకు గుచ్చితే పదుల కడ్డీ. పది కడ్డీలు పక్కపక్కన చేర్చి కడితే నూరు పూసల పలక. పది పలకలు ఒకదానిపై ఒకటి పేరిస్తే వెయ్యి పూసల దిమ్మె. పిల్లవాడు ఒక చేత్తో విడి పూస, రెండో చేత్తో దిమ్మె పట్టుకున్నాడంటే ఒకటికీ వెయ్యికీ తేడా బరువులోనే తెలిసిపోతుంది.

ఇక కూడిక. ఒకరు 247 పూసలు తెస్తారు, ఇంకొకరు 135. చాప మీద కలిపేస్తారు. విడి పూసలు పన్నెండు అవుతాయి. వాటిలో పది లెక్కపెట్టి ఇచ్చేసి, బదులుగా ఒక కడ్డీ తెచ్చుకుంటారు. ‘చేతిలో ఒకటి’ అంటే ఆ కడ్డీయే. ఇప్పుడు పలకలు మూడు, కడ్డీలు ఎనిమిది, విడివి రెండు. మొత్తం 382.

తీసివేతలో ‘పక్కనుంచి అప్పు తెచ్చుకో’ అని చెబుతారు. ఆ మాటే పిల్లలను తికమక పెడుతుందనిపిస్తుంది. అప్పు సంగతి రైతుబిడ్డలకు తెలియనిది కాదు, తెచ్చింది తీర్చాలి. ఇక్కడ తీర్చేదేమీ లేదే! 52లోంచి 27 తీయాలంటే ఒక కడ్డీ ఇచ్చి పది విడి పూసలు పుచ్చుకుంటారు, అంతే. పది రూపాయల నోటుకు కొట్లో చిల్లర మార్చినట్టు.

సున్నాకూ ఒక గూడు ఉంది. 0 నుంచి 9 దాకా అంకెలు వేసిన గూళ్ల పెట్టె, 45 కదురు పుల్లలు ఇస్తారు. గూటిపై ఎంత ఉంటే అన్ని పుల్లలు వేయాలి. సున్నా గూడు ఖాళీ. చివర పుల్ల మిగిలినా, చాలకపోయినా ఎక్కడో తప్పిందని పిల్లవాడే గ్రహిస్తాడు. బెత్తంతో పని లేదు.

పట్టణాల్లో మాంటిస్సోరి పేరుతో బోర్డులు చాలానే కనిపిస్తాయి. ఫీజు కట్టేముందు లోపల ఈ సామాను ఉందా, ఉంటే పిల్లల చేతికి ఇస్తున్నారా, బీరువాలో పెట్టి తాళం వేశారా అని చూసుకోవడం మంచిది.

సామాను ఖరీదైనదే. అయితే పూసలే కావాలని లేదు. చీపురు పుల్లలు సమంగా తుంచి పదేసి కట్టలు కడితే పదులు, పది కట్టలు కలిపి కడితే నూరు. ఎరుపు, నీలం రంగుల లెక్కల కర్రలు ఊరి వడ్రంగి చేయగలడు. 10 సెంటీమీటర్లది ఒకటి, 20ది ఒకటి, ఇలా మీటరు దాకా పది కర్రలు. ప్రతి 10 సెంటీమీటర్లకు రంగు మారాలి. కోతలో పోయేది కలుపుకుని ఆరు మీటర్ల రీపరు సరిపోతుంది. చింతగింజలూ పనికొస్తాయి గాని, మూడేళ్లలోపు వారికి ఇవ్వరాదు. ముక్కులోనో నోట్లోనో పెట్టుకుంటారు. పెద్ద పిల్లలకు ఇచ్చినా దగ్గర ఒకరు కూర్చోవాలి, ఆట అయ్యాక గింజలు వాళ్లతోనే లెక్కపెట్టించి డబ్బాలో పోయించాలి.