ఏ దేవుడికి మొక్కితే పని అవుతుంది?

అగిస్ అనే మనిషి ఇంట్లో దుప్పట్లు, దిండ్లు పోయాయి. బయటివాళ్లెవరైనా ఎత్తుకుపోయారా? ఈ సంగతి తేల్చమని అతను అడిగింది జియస్‌ని. పిడుగును ఆయుధంగా పట్టినవాడు, ఒలింపస్ దేవతలందరికీ రాజు. అంతటి దేవుడి దగ్గరకు దుప్పట్ల గొడవ తీసుకుపోవడం తప్పనిగానీ, చిన్నతనమనిగానీ అగిస్ అనుకోలేదు. ప్రాచీన గ్రీకుల భక్తి ఎలాంటిదో తెలుసుకోవాలంటే పాలరాతి విగ్రహాల కంటే ముందు ఈ ప్రశ్న దగ్గర ఆగాలి.

అతను వెళ్లింది దొదోనాకు. వాయవ్య గ్రీసులో, తొమారోస్ కొండ కింద ఉన్న క్షేత్రం అది. అక్కడి ఓక్ చెట్టు ద్వారా జియస్ పలుకుతాడని నమ్మేవారు. ఇలియడ్‌లోనే దీని ఊసు ఉంది. అక్కడి పూజారులు కాళ్లు కడుక్కోరట, కటిక నేల మీదే పడుకుంటారట. వచ్చినవాళ్లు తమ ప్రశ్నను వేలెడంత సీసపు రేకు మీద గీసి, మడతపెట్టి ఇచ్చేవారు. పాత రాత చెరిపి అదే రేకు మీద ఇంకొకరు తమ బాధ రాసుకునేవారు. తవ్వకాల్లో బయటపడిన ఈ రేకుల మీది 4,200కు పైగా రాతలను గ్రీకు పండితులు 2013లో అచ్చువేశారు. 2023లో యునెస్కో వీటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

చదువుతుంటే మనసు నిలవదు. అన్నిలా కడుపులో ఉన్న బిడ్డ తన బిడ్డేనా అని లిసానియాస్ అడిగాడు. యజమాని ఇస్తానన్న విడుదల తనకు దక్కుతుందా అని కిట్టోస్ అనే బానిస అడిగాడు. హెర్మోన్‌కు పిల్లలు ఉన్నారు. అయినా భార్య క్రెటాయా ద్వారా అక్కరకొచ్చే సంతానం మరొకటి కలగాలంటే ఏ దేవుణ్ణి ఆశ్రయించాలని అడిగాడు. గొర్రెలు పెంచితే లాభమా, ఈ పిల్లను చేసుకుంటే మంచిదా, ఊరు వదిలి వెళ్లనా, ఉండనా? కోర్కిరా ద్వీపవాసులైతే ఊరంతా ఒక్కటై, తమలో తాము కొట్టుకోకుండా బతకాలంటే ఏ దేవుడికి, ఏ వీరుడికి బలి ఇచ్చి మొక్కాలని అడిగారు.

అడిగిన తీరు చూడండి. దేవుడు ఉన్నాడా అన్న సందేహం ఈ రేకుల్లో కనిపించదు. ఉన్న ఇంతమంది దేవుళ్లలో ఎవరికి, ఏమి, ఎప్పుడు ఇవ్వాలన్నదే వాళ్ల చింత. నా దృష్టిలో గ్రీకు మతానికి గుండెకాయ ఇదే.

గ్రంథం లేదు, గురువూ లేడు

మనకు తెలిసిన గ్రీకు మతం ఎక్కువగా కథల మతం. జియస్ ప్రేమాయణాలు, హేరా అసూయ, అపోలో బాణాలు. అవి చెప్పినవాళ్లు హోమర్, హెసియోడ్ వంటి కవులు. వాళ్ల కావ్యాలంటే ఎంత గౌరవమున్నా అవి శాసనాలు కావు. ఇది నమ్మితేనే నువ్వు మావాడివి అని చెప్పే గ్రంథం గ్రీకులకు లేదు. అందరికీ పైన కూర్చునే మఠాధిపతి లేడు. పూజారి పని చాలాచోట్ల ఊరి పదవి. ఏథెన్స్ నగరదేవత ఎథీనా పూజ మాత్రం ఒక పాత వంశపు స్త్రీకి జీవితాంతం దక్కే హక్కు. ఓటు లేని, సభలో నోరెత్తే వీలులేని స్త్రీకి ఊరంతా చేతులు జోడించిన చోటు అది. గ్రీకు స్త్రీల గురించి మాట్లాడేటప్పుడు దీన్ని మరిచిపోకూడదని నా అభిప్రాయం.

కొత్త ఊరికి వెళితే అక్కడి దేవుడికి మొక్కడంలో వాళ్లకు తప్పు కనిపించలేదు. క్రీ.పూ. 2వ శతాబ్దంలో తక్షశిల నుంచి రాయబారిగా వచ్చిన హీలియోడోరస్ అనే గ్రీకు, మధ్యప్రదేశ్‌లోని విదిశ దగ్గర వాసుదేవుడికి గరుడస్తంభం ఎత్తించాడు. తనను భాగవతుడిగా చెక్కించుకున్నాడు. ఆ స్తంభం ఇప్పటికీ నిలబడే ఉంది.

పొగ దేవుళ్లకు, మాంసం మనుషులకు

గ్రీకు గుడి భక్తులు లోపల చేరి ప్రార్థించే చోటు కాదు, విగ్రహం ఉండే ఇల్లు. పూజంతా బయట, ఆరుబయట బలిపీఠం దగ్గరే. తలకు పూలదండలు చుట్టుకుని ఊరేగింపుగా వస్తారు. ముందు నడిచే కన్య నెత్తిన బుట్ట, అందులో బార్లీ గింజలు, వాటి కింద కత్తి. చేతులు కడుక్కుంటారు. గింజలు పశువు మీద, పీఠం మీద చల్లుతారు. నీళ్లు చిలకరించినప్పుడు పశువు తల ఊపితే ఒప్పుకున్నట్టే అన్న మాట ప్రాచీన రచనల్లో ఉంది. మన జాతరల్లో నీళ్లు చల్లిన యాట ఒళ్లు జాడించేదాకా ఆగేవాళ్లకు ఇది వింతగా అనిపించదు. నుదుటి మీది వెంట్రుకలు కొన్ని కోసి నిప్పులో వేస్తారు. వేటు పడగానే ఆడవాళ్లు గొంతెత్తి కేక పెడతారు. రక్తం పీఠానికి తగలాలి.

ఆ తర్వాతి వంతులే అసలు విషయం. తొడ ఎముకలకు కొవ్వు చుట్టి, దేవుళ్ల పేరిట కాలుస్తారు. గుండె, కాలేయం వంటివి అక్కడికక్కడే పుల్లలకు గుచ్చి కాల్చి, ముందువరసలో ఉన్నవాళ్లు తింటారు. మిగతా మాంసం ఉడికించి పంచుతారు. దేవుళ్లకు ఎముకలా? ఆ ప్రశ్న వాళ్లకూ వచ్చింది. మనుషుల పక్షాన ప్రొమిథియస్ జియస్‌ని మోసం చేసి, మిలమిల మెరిసే కొవ్వులో ఎముకలు దాచి ఇచ్చాడని హెసియోడ్ చెప్పిన కథ అందుకు జవాబు. మామూలు జనానికి గొడ్డుమాంసం దొరికేది ఎక్కువగా ఇలాంటి పండగల్లోనే. ఏథెన్స్‌లో పానథెనియా పండగకు ఎథీనాకు పశువుల మందలనే బలిచ్చి పౌరులకు పంచేవారు. ఆ పంపకంలో వంతు ఉంటే ఊళ్లో చోటు ఉన్నట్టే. పైథాగరస్ శిష్యులు మాంసం ముట్టం అన్నప్పుడు అది తిండి విషయంగా మాత్రమే మిగల్లేదు. ఊరి పంక్తి నుంచి లేచిపోవడంతో సమానమైంది.

ఇంట్లో దేవుళ్లు వేరు. పొయ్యి హెస్టియాది. బిడ్డ పుట్టిన కొద్ది రోజులకు ఎత్తుకుని ఆ పొయ్యి చుట్టూ పరుగు తీసేవారు. అప్పుడే ఆ బిడ్డ ఇంటిది. కొత్త కోడలు వచ్చినా, కొత్తగా కొన్న బానిస వచ్చినా అదే పొయ్యి దగ్గర కూర్చోబెట్టి తల మీద ఎండు అత్తిపండ్లు, గింజలు కుమ్మరించేవారు. కొట్టుగదిలో జియస్ ఇంకో రూపంలో ఉంటాడు. మూతపెట్టిన కుండ, చెవులకు తెల్లని ఉన్ని చుట్టి, లోపల నీళ్లు, నూనె, రకరకాల పళ్లు. ఇంటి సొత్తును కాచే జియస్ ఆయన. నెల మారే వేళ మూడు దారుల కూడలిలో హెకటేకు భోజనం పెట్టి వచ్చేవారు. ఆ కూడు పెట్టీ పెట్టకముందే పేదలు ఎత్తుకుపోయేవారని హాస్యనాటకకర్త అరిస్టోఫనీస్ రాశాడు.

ఏది నమ్మాలో ఎవరూ శాసించని ఈ వెసులుబాటుకు హద్దు లేకపోలేదు. ఏది నమ్మినా సరే, ఊరు ఇచ్చే వంతు దేవుళ్లకు ఆగకూడదు. క్రీ.పూ. 415లో సిసిలీ మీదికి నావికాదళం బయల్దేరబోతుండగా, ఏథెన్స్ వీధుల్లోని హెర్మిస్ రాతిస్తంభాల ముఖాలు ఎవరో ఒక్క రాత్రిలో పగలగొట్టారు. నగరం వణికిపోయింది. అరెస్టులు, మరణశిక్షలు జరిగాయి. 399లో సోక్రటీస్ మీద మోపిన నేరాల్లో నగర దేవుళ్లను గుర్తించడన్నది ఒకటి. గ్రీకులకు అన్నిటిలో సహనమే ఉందనే వాళ్లు ఈ రెండు తేదీలను దాటవేయకూడదు.

ఆసుపత్రి లాంటి గుడి

ఏథెన్స్ నుంచి ఎల్యూసిస్‌కు సాగే రహస్య దీక్షల గురించి గ్రంథాలే వచ్చాయి. గ్రీకు మాట్లాడగలిగి, హత్యాదోషం లేనివాళ్లెవరికైనా, బానిసలకైనా, దీక్ష దొరికేది. లోపల చూసింది బయట చెప్పకూడదు. చచ్చాక బతుకు బాగుంటుందన్న భరోసా అక్కడి వరం. నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం ఎపిడారస్.

అక్కడ ఎస్క్లెపియస్ వైద్యదేవుడు. రోగులు స్నానం చేసి, బలి ఇచ్చి, ప్రత్యేక మండపంలో రాత్రి పడుకునేవారు. దేవుడు కలలో వచ్చి నయం చేస్తాడని నమ్మకం. క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఆ నయమైన కథలను రాతిపలకల మీద చెక్కించి నిలబెట్టారు. ఒక కంట చూపులేని అంబ్రోసియా అనే ఏథెన్స్ స్త్రీ ఆ పలకలు చూసి నవ్విందట. కుంటివాళ్లు, గుడ్డివాళ్లు కల కంటే బాగవుతారా అని. ఆమె కలలోకీ దేవుడు వచ్చాడు. బాగుచేస్తాను గానీ, నీ అజ్ఞానానికి గుర్తుగా గుడికి వెండి పంది సమర్పించాలన్నాడు. కన్ను కోసి మందు పోశాడు. తెల్లారేసరికి ఆమెకు చూపు వచ్చిందని పలక చెబుతోంది. నమ్మనివాళ్ల కథనూ గుడి గోడకే ఎక్కించుకున్నారు ఆ పూజారులు. బాగయినవాళ్లు మట్టితో చేసిన చెవులు, కాళ్లు, చేతులు సమర్పించేవారు. కోరింత్‌లోని ఎస్క్లెపియస్ గుడిలో అవి కుప్పలుగా దొరికాయి.

క్రీ.శ. 391, 392లలో రోమన్ చక్రవర్తి థియోడోసియస్ బలులను, గుళ్లలో పూజలను నిషేధిస్తూ శాసనాలు తెచ్చాడు. దొదోనా ఓక్ చెట్టును ఆ రోజుల్లోనే నరికేశారంటారు. దేవుళ్ల పేర్లు మారిపోయాయి. అడగడం, ఇవ్వడం ఆగలేదు. ఈనాటి గ్రీసు చర్చీల్లో మరియమ్మ పటాల ముందు కన్ను, కాలు, పసిబిడ్డ అచ్చొత్తిన వెండి రేకులు వేలాడుతుంటాయి. వాటిని తామాలంటారు. ఆగస్టు 15న తినోస్ ద్వీపంలో రేవు నుంచి కొండ మీది చర్చి దాకా మోకాళ్ల మీద పాకుతూ వెళ్లే భక్తులను ఏటా చూడవచ్చు.