క్రొత్త బ్యాటరీ కొనుటకు ముందు

కర్నూలు, కడప మండలములలోని మెట్ట సేద్యమునకు తొలకరి పదునే ప్రాణము. ఒక మంచి వాన కురిసిన పిమ్మట వేరుసెనగ విత్తుటకు చిక్కు దినములు మిక్కిలి కొద్ది. ఎఱ్ఱనేలలలో పదును త్వరగా ఆఱిపోవును. అట్టి ఉదయమున ట్రాక్టరు తాళము త్రిప్పగా సెల్ఫు తిరుగకున్నచో, రైతు తొందరపడి క్రొత్త బ్యాటరీ కొనితెచ్చును. డైనమోలో దోషమున్నచో కొలది దినములకు ఆ బ్యాటరీయు నట్లే పడిపోవును. కావున సొమ్ము వ్యయము చేయకమునుపే దోషమును కనుగొను క్రమమును ఇచట వివరించుచున్నాము. ఇది కారునకును, జీపునకును సామాన్యముగా వర్తించును.

బ్యాటరీ గాదె వంటిది. దానిని నింపునది ఆల్టర్నేటరు. మనవారు డైనమో యందురు. దానిని ఇంజను బెల్టు త్రిప్పును. గాదె ఖాళీయైనచో, గాదె చెడినదో, ధాన్యము చేరుటలేదో, దారి మూసికొనిపోయినదో చూడవలెను గదా!

మొదట దారిని చూడుడు. బ్యాటరీ మొనలపై తెల్లనిది గాని, పచ్చనిది గాని చిలుము పట్టియున్నచో వంటసోడా కలిపిన నీటితో కడుగుడు. ఇంజను ఆపి, ముందుగా ఎర్తు తీగను విప్పి, తిరిగి బిగించునపుడు దానిని కడపట బిగింపవలెను. బెల్టు వదులుగా నున్నదేమో, పగిలినదేమో పరీక్షింపుడు.

రెండవది గాదె. ఇంజను ఆపి కొన్ని గంటలు గడచిన పిమ్మట మల్టీమీటరుతో కొలువుడు. 12.6 వోల్టులున్నచో నిండియున్నట్లు, 12.0 మాత్రమే యున్నచో ఇంచుమించు పావు వంతే మిగిలినట్లు. నిండిన బ్యాటరీయే సెల్ఫు కొట్టునపుడు 9.6 వోల్టులకు దిగువకు జాఱినచో దాని బలము క్షీణించినదని యెఱుంగవలెను.

మూడవది డైనమో. ఇంజను నడుచుచుండగా మీటరు 13.8 మొదలు 14.4 వఱకు చూపవలెను. అంకె పెరుగకున్నచో చార్జి ఎక్కుట లేదు. బెల్టు, తీగలు, రెగ్యులేటరు, డైనమో వరుసగా చూడవలసినవి. 15 దాటినచో రెగ్యులేటరు చెడినది. బ్యాటరీ నీరు కాగి యింకిపోవును. ఇవన్నియు సరిగానుండియు తెల్లవాఱుసరికి బ్యాటరీ దిగిపోవుచున్నచో, తరువాత తగిలించిన దీపములో, పాటల పెట్టెయో రాత్రి విద్యుత్తును త్రాగుచున్నవేమో విచారింపుడు.

కొన్ని జాగ్రత్తలు చెప్పవలసియున్నవి. ఇంజను నడుచుచుండగా బ్యాటరీ తీగను విప్పి డైనమోను పరీక్షించుట కొందఱి వాడుక. దానివలన డైనమోలోని డయోడులు కాలిపోవచ్చును. మూతలు గల బ్యాటరీలో డిస్టిల్డు వాటరునే పోయవలెను. మన బోరుబావుల నీటిలో లవణములు మెండు. అవి పలకలను చెఱచును. నీరు తగ్గినదని ఆసిడు పోయరాదు. చార్జి ఎక్కుచున్న బ్యాటరీనుండి మండెడి వాయువు వెలువడును గాన, దాని చెంత బీడీ కాల్చరాదు. మన యెండలు 40 డిగ్రీలు దాటును. ఆ వేడిమికి బ్యాటరీ ఆయువు తగ్గును. కావున వేసవిలో నీటిని తఱచుగా చూచుకొనవలెను.

మల్టీమీటరు వెల కొన్ని వందల రూపాయలే. ప్రతి సంఘమును ఒకటి కొని కార్యాలయమున నుంచి, రోహిణి కార్తెలోనే సభ్యుల ట్రాక్టరులన్నిటిని ఒకమాఱు పరీక్షింపించిన మేలని మా సూచన. మృగశిర వాన పడిన నాడు మెకానిక్కునకై పట్టణమునకు పరుగెత్తవలసిన యవస్థ చాల వఱకు తప్పును.