వారం రోజుల పాఠం

కట్టిన ఆస్పత్రి కళ్లముందే కూలిపోతే డాక్టరు ఏం చేయాలి? డాక్టర్ నార్మన్ బెతూన్‌కి ఆ ప్రశ్న 1938లో ఎదురైంది.

ఆయనది కెనడా. పేరున్న సర్జన్. జపాన్ దాడితో అల్లాడుతున్న చైనాకు సాయం చేద్దామని ఆ ఏడాదే వెళ్లారు. ఉత్తర చైనా కొండల్లో సొంగ్‌యాన్‌కోవ్ అనే పల్లె ఉంది. గాయపడ్డ సైనికుల కోసం అక్కడ ఊరివాళ్లతో కలిసి ఓ మోడల్ ఆస్పత్రిని సిద్ధం చేశారు. సెప్టెంబరులో ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. కొద్ది వారాలకే జపాన్ సేనలు దాన్ని నాశనం చేశాయి!

గోడల్ని కూల్చగలరు. నేర్చుకున్న పనిని కూల్చలేరుగా... బెతూన్ దృష్టి పాఠాల మీదికి మళ్లింది.

అందరూ అన్నీ చేయాలి

1939 ఆరంభంలో ఓ పల్లెలో 'ప్రాక్టీసు వారం' ఏర్పాటు చేశారు. వేర్వేరు దళాల నుంచి ఇరవైమందికి పైగా వైద్య సిబ్బందిని పిలిపించారు. వాళ్లలో చాలామంది కాలేజీ మెట్లెక్కినవాళ్లు కాదు, పనిచేస్తూ నేర్చుకున్నవాళ్లే. అందుకే ఉపన్యాసంతో సరిపెట్టలేదు. చెప్పింది చెప్పినట్టు అక్కడే చేయించారు. హోదాలు పక్కన పెట్టి వంతులవారీగా అటెండరు పనీ, నర్సు పనీ, డాక్టరు పనీ అందరూ చేయాల్సిందే. కట్టు కట్టేవాడికి కష్టమేమిటో తెలిస్తేనే ఆపరేషన్ చేసేవాడు జాగ్రత్తగా ఉంటాడు మరి!

ఒక్కటే ఇబ్బంది... భాష. ఆయన ప్రతి మాటా దుబాసీ నోటి మీదుగా వెళ్లాల్సిందే.

అదే ఏడాది నవంబరు 12న బెతూన్ కన్నుమూశారు. ఆపరేషన్ చేస్తుండగా వేలికైన గాయం విషమించి రక్తంలోకి పాకింది. ఆయన చొరవతో కొన్ని వారాల ముందే మొదలైన వైద్య పాఠశాలకు తర్వాత ఆయన పేరే పెట్టారు.

షోలాపూర్ కుర్రాడు

ఆ బడికి మేష్టారుగా వెళ్లింది మన దేశపు డాక్టరే. తెలుగు నేత కుటుంబాలు ఎన్నో స్థిరపడిన షోలాపూర్‌లో 1910లో పుట్టిన ద్వారకానాథ్ కోట్నిస్. 1938లో కాంగ్రెస్ పంపిన అయిదుగురు డాక్టర్ల బృందంలో ఆయనొకరు. తోటివాళ్లలో కొందరు తిరిగొచ్చేసినా ఆయన ఉండిపోయారు.

దుబాసీతో పని లేకుండా చైనా భాష నేర్చుకున్నారు. రోగులతో ఆ భాషే, విద్యార్థులతోనూ ఆ భాషే. 1941లో బెతూన్ పేరిట ఉన్న ఆస్పత్రికి డైరెక్టరయ్యారు. ఒకపక్క ఆపరేషన్లు, మరోపక్క పాఠాలు. సర్జరీ పాఠ్యపుస్తకం రాస్తుండగానే 1942 డిసెంబరు 9న మూర్ఛవ్యాధి ఆయన్ని బలి తీసుకుంది. అప్పటికి ఆయన వయసు 32. కొడుక్కి నాలుగు నెలలు కూడా నిండలేదు.

ఈరోజుల్లోనూ మనవాళ్లెందరో వైద్యసేవకు పరాయి దేశాలు వెళుతుంటారు. మందులపెట్టెతోపాటు పాఠమూ పట్టుకెళ్లేవాళ్లు ముందుగా ఆలోచించుకోవాల్సినవి ఈ ఇద్దరి కథలోనే ఉన్నాయి. వినేవాళ్లకు ఏం వచ్చు? వాళ్ల దగ్గర ఏ సామాను ఉంది? ఏ భాషలో చెబితే తలకెక్కుతుంది? మనం వచ్చేశాక ఆ పని ఎవరు చేస్తారు?

సొంగ్‌యాన్‌కోవ్ ఆస్పత్రి కొద్ది వారాలే నడిచింది. 1939లో మొదలైన ఆ బడి మాత్రం పెరిగి పెద్దదై వైద్య విశ్వవిద్యాలయమైంది. 2000లో చాంగ్‌చున్‌లోని జిలిన్ విశ్వవిద్యాలయంలో కలిసింది. బెతూన్ పేరుతో అక్కడ ఇప్పటికీ పాఠాలు జరుగుతూనే ఉన్నాయి.