మా మిర్చికి మేపు ఎక్కువైంది!

బాల్కనీ కుండీల్లో మిర్చి వేసి మూడు నెలలైంది. వారం వారం పల్లి చెక్క నానబెట్టిన నీళ్లు పోశా. మొక్కలు నడుం దాకా పెరిగాయి, ఆకులు నిగనిగ. పూత మాత్రం వచ్చింది వచ్చినట్టే రాలిపోయింది. వీడియో కాల్‌లో చూపిస్తే 'మేపు ఎక్కువైందిరా' అని అమ్మ ఒకటే నవ్వు.

నిజమే. చెక్కలో నత్రజని ఎక్కువ. అది ఆకుని పెంచుతుంది. పూత మొదలయ్యాక పొటాష్ ముఖ్యం. చెక్క నీళ్లు ఆపేసి, అమ్మ పంపిన కట్టెపొయ్యి బూడిద కుండీకి ఒక్క చెంచా మట్టిలో కలిపా. ఎక్కువేస్తే మట్టి క్షారమైపోతుంది, జాగ్రత్త. అరటి తొక్కల నీళ్లూ ట్రై చేశా, వాసన తప్ప ఏం లేదు! మట్టి బాగా ఎండినా పూత రాలుతుంది, అందుకే నీళ్లు రోజూ పొద్దున్నే.

మూడో వారానికి ఎనిమిది పిందెలు నిలిచాయి. ఫొటో పంపా. అమ్మ రిప్లై: 'పచ్చడికి సరిపోవు.'