అణుశక్తి జలాంతర్గాముల విరమణము

సముద్రమునకు బహుదూరముననున్న మన బల్మూరు విద్యార్థులలో జలాంతర్గామిని చూచినవారు కొద్దిమందియే. విశాఖపట్టణమునకు పోయినవారు రామకృష్ణ బీచిలో ఒడ్డున నిలిపిన ‘కుర్సురా’ను చూచియుందురు. అది 1969లో నౌకాదళమున చేరి, 2001లో విరమించి, 2002 నుండి ప్రదర్శనశాలగా నున్నది. డీజిలు యంత్రములతోను, బ్యాటరీలతోను నడచినది గనుక బాలురు దానిలో నిర్భయముగా తిరుగవచ్చును. అణుశక్తితో నడచిన నౌక నట్లు ఒడ్డుకు చేర్చి విడిచిన చాలదు. కారణమును తెలిపెదము.

అణునౌకలో రియాక్టరనెడి కొలిమి యుండును. అందు యురేనియము పరమాణువులు చీలుటచే వేడి పుట్టును. ఆ వేడిచే నీరు ఆవిరియై యంత్రచక్రములను త్రిప్పును. నౌక ఆగిపోయినను, వాడిన యింధనము అపాయకరమైన కిరణములను వెలువరించుచునే యుండును. కొలిమి చుట్టునున్న యుక్కునకు సైతము ఆ గుణ మంటును. ఉక్కులో పుట్టు కోబాల్టు-60 సుమారు 5 ఏండ్లకు సగమగును. ఇంధనములో పుట్టు సీజియము-137 సగమగుటకు 30 ఏండ్లు పట్టును.

కావున మొదట ఇంధనమును తీసి భద్రపరతురు. పిమ్మట రియాక్టరున్న భాగమును కోసి, రెండు కొనలను మూసివేయుదురు. అట్టి భాగములను అమెరికావారు హాన్‌ఫర్డునందు పెద్ద గోతిలోను, రష్యావారు సైదా అఖాతము చెంత నేలమీదను ఉంచిరి. మిగిలిన యుక్కును ముక్కలుచేసి మరల నుపయోగింతురు. ఈ పని సులభము కాదు. బ్రిటిషువారి ‘డ్రెడ్‌నాట్’ 1980లో విరమించినను, 40 ఏండ్లు గడచునప్పటికి ఇంకను రేవులోనే యుండెను. 2003 ఆగస్టులో రష్యావారి ‘కె-159’ను విడగొట్టుటకై లాగుకొనిపోవుచుండగా బారెంట్సు సముద్రమున మునిగెను; తొమ్మండుగురు మరణించిరి. ఇంధనము దాని గర్భముననే యుండిపోయెను.

మన నౌకాదళము అద్దెకు తెచ్చుకొనిన రెండు ‘చక్ర’ నౌకలలో మొదటిది 1991లో సోవియట్టు దేశమునకును, రెండవది 2021లో రష్యాకును తిరిగి పోయినవి. వాని కడపటి భారము సొంతదారులది. కాని 2009లో విశాఖయందు జలప్రవేశము చేసిన ‘అరిహంత్’ మనది. దాని భారము నొకనాడు మనమే మోయవలయును.

ఇది మనకు దూరపు సంగతి కాదు. మన పొరుగున నల్లమలలో యురేనియము త్రవ్వకమును ప్రజలు ఎదిరింపగా, 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ అది వలదని తీర్మానించెను. దేశరక్షణకు నౌకలు వలయును. అడవికిని, నీటికిని రక్షణము వలయును. తరగతిలో భాగహారము చేసి శేషమును వ్రాయక విడిచిన బాలుని లెక్కను మేము ఒప్పుకొనము. పెద్దల లెక్కలకును ఆ నియమమే తగును.